ఆయన తరఫున నేను పెట్టిన సంతకం

మరిపెడలో మాది కిరాణా కొట్టు. ఆ రోజు మా ఆయన చింతపండు పొట్లం కట్టలేకపోయారు. ముప్పై ఏళ్లుగా గిరాకీతో ముచ్చట పెడుతూ, చూడకుండానే కట్టే చేతులు అవి. దారం వేళ్ల మధ్య నుంచి జారిపోతూనే ఉంది. "ఏందే, గిట్లయితాంది?" అన్నారు. "ముసలోళ్లయితున్రు, గిటియ్యున్రి" అని నవ్వి పొట్లం లాక్కున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

తర్వాత కాలి చెప్పు తెలియకుండానే జారిపోయేది. మాట ముద్దగా వచ్చేది. మెడ నరం అనుకుని ఎమ్మారై తీయించాం. చివరికి వరంగల్‌లో న్యూరాలజిస్టు కండరాల్లో సూదులు గుచ్చి ఈఎంజీ పరీక్ష చేశారు. "మోటార్ న్యూరాన్ డిసీజ్. కండరాలు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తాయి. ఊపిరి తీసేవి కూడా. తెలివి మాత్రం చివరిదాకా ఉంటుంది" అన్నారు. తెలివి ఉంటుందనగానే దేవుడికి దండం పెట్టుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

మూడోసారి వెళ్లినప్పుడు ఆ డాక్టరే ఇంకో మాట చెప్పారు. "మాట పోకముందే, వెంటిలేటర్ కావాలో వద్దో రాసిపెట్టండి. మీరు చెప్పలేనప్పుడు మీ తరఫున చెప్పే మనిషి పేరు కూడా రాయండి."

తిరిగొచ్చే బస్సులో ఆయన నా చేయి పట్టుకున్నారు. "మెడకు పొక్క పెట్టి మిషన్ తగిలియ్యద్దు సుజాతా. గది బతుకు గాదు. దవాఖానల నువ్వే చెప్పాలె. బిడ్డతోని గాదు, అన్నతోని గాదు. నన్ను నీకంటె ఎక్కువ ఎవలు సూస్తరు?"

సరే అన్నాను. కాగితం మాత్రం రాయనివ్వలేదు. ఇవాళ అమావాస్య, శ్రావణం పోనీయండి అంటూ జరిపాను. ఇంట్లో చావు గురించి రాస్తే కీడని నా భయం. ఆయన రెండుసార్లు గుర్తుచేశారు. మూడోసారికి ఆయన మాట నాకు తప్ప ఎవరికీ అర్థం కాకుండా పోయింది.

చలికాలంలో న్యుమోనియా వచ్చింది. ముక్కుకు పెట్టి గాలి పంపే బైపాప్ మాస్కు చాలలేదు. ఐసీయూ తలుపు తీసి డ్యూటీ డాక్టరు, "పేషెంట్ తాలూకు ఎవరు? ఇప్పుడే ట్యూబ్ వేయాలి, సంతకం పెట్టండి" అన్నాడు.

"మా ఆయన వద్దన్నడు సార్."

"రాసిచ్చారా?"

లేదు. పక్కన మా బావ, అంటే ఆయన అన్న, గొంతు పెంచాడు. "ఏంది సుజాతా, తమ్ముడు ఊపిరాడక కొట్టుకుంటుంటే సూసుకుంట నిలబడ్తవా? రేపు నలుగురేమంటరు? పెండ్లామే వద్దన్నదంటరు." మా బిడ్డ మౌనిక నా కాళ్లు పట్టుకుంది. "అమ్మా, నాకు బాపు గావాలె."

తప్పు వాళ్ల మీదికి నెట్టేస్తే అబద్ధమవుతుంది. ఆయన పోతే నేనెట్లా బతకాలి అన్న భయంతో పెట్టాను ఆ సంతకం.

ట్యూబ్ తర్వాత మెడకు పొక్క పెట్టి ట్రకియాస్టమీ చేశారు. ఇంట్లోనే వెంటిలేటర్ మీద ఐదు నెలలు ఉన్నారు. కళ్లు తప్ప ఏమీ కదలవు. పిల్లల అక్షరాల చార్టు ముందు పెట్టి ఒక్కో అక్షరం మీద వేలు పెడితే, కావలసిన దగ్గర కన్నార్పేవారు. అట్లా మౌనికతో చాలా చెప్పారు: దోమ, దురద, ఫ్యాను. నాతో ఒక్కసారే చెప్పారు. చ, ప, న. "చెప్పిన" అని.

"తప్పయింది, నన్ను తిట్టున్రి" అని మంచం పట్టుకుని ఏడ్చాను. ఆయన కళ్లు మూసుకున్నారు. మళ్లీ ఆ చార్టు పట్టుకునే ధైర్యం నాకు రాలేదు. ఒళ్లు తుడిచింది నేనే, గొంతులో కఫం లాగే సక్షన్ పైపు పెట్టింది నేనే. అంతసేపూ ఆయన గోడ వైపే చూసేవారు. ఐదో నెలలో గుండె ఆగింది.

ఇప్పుడు కొట్టు నేనే నడుపుతున్నాను. వంటింట్లో కుక్కర్ సన్నగా బుస్సుమంటే చాలు, పక్క గదిలో ఇంకా మిషన్ ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. వెళ్లి చూసి వస్తాను.

ఈ మధ్య నా కాగితం నేను రాయించుకున్నాను. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ చేయించాను. ముందు మౌనికనే అడిగాను, "నాకు గట్లయితే ఏంజేస్తవ్ బిడ్డా?" అని. "నిన్ను పోనియ్యనే అమ్మా" అని మెడ చుట్టూ చేతులు వేసింది. కడుపు నిండిపోయింది. ఆమె పేరు మాత్రం రాయలేదు.

మా తోటికోడలు పద్మక్కను అడిగాను. ఇప్పటికీ నాతో ప్రతి దానికీ తగువు పెట్టుకునే మనిషి. "ఏడుపైతే వస్తది. అయినా చెప్పేది చెప్త" అంది. అందరినీ కూర్చోబెట్టి ఆ కాగితం పైకి చదివాను. బావ తల ఎత్తలేదు.

మీ తరఫున చెప్పే మనిషిని ఎంచుకునేటప్పుడు, నన్ను పోనివ్వగలవా అని మొహం మీదే అడగండి. మా ఆయన నన్ను ఆ మాట అడగలేదు. ప్రేమ ఉంది కదా, చాలనుకున్నారు.