పాప రాలేదు

సునామీకి మూడు నెలల ముందే నేను టెక్కలి నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి నర్సుగా చేరాను. హిందీ అరకొర. ఆ లోటు కనపడకుండా కాస్త గొంతు పెంచి మాట్లాడేదాన్ని. సముద్రం వచ్చి వెళ్ళాక డాలీగంజ్‌లో ఒక బడిని శిబిరం చేసి నన్నక్కడ వేశారు. డ్రమ్ముల్లో క్లోరిన్ బిళ్ళలు వేయడం, విరేచనాలవాళ్ళకి ఓఆర్ఎస్ కలిపివ్వడం, పిల్లలకి తట్టు టీకాలు, ఆఖర్న రిజిస్టరు. అందులో ఒక గడి ఉండేది: ఎవరికోసం వెతుకుతున్నారు?

నికోబార్ నుంచి ఓడలో వచ్చినవాళ్ళలో ఒంటరిగా ఒక అయిదేళ్ళ పిల్ల ఉంది. తెలుగు మాట్లాడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. పేరడిగితే ముద్దుపేరు చెప్పింది. అలాంటి పేరు మనవైపు ఇంటికొకరికి ఉంటుంది.

"అమ్మేదమ్మా?"

"నీళ్ళు తీసుకెళిపోయేయి దీదీ. పాప రాలేదు."

"మరి నాన్న?" అన్నాను.

"ఊఁ" అంది, ముద్దుగా పిలిస్తే పలికినట్టు. మా ఇళ్ళల్లో పిల్లల్నీ నాన్నా అనే పిలుస్తాం. అది నాకప్పుడు తట్టలేదు. ఆయనా పోయాడంటోందనుకుని తండ్రి గడిలో గీత పెట్టి, 'తల్లి మృతి, చెల్లెలు గల్లంతు' అని రాసేశాను. పాప అంటే మా ఊళ్ళో చంటిపిల్లే మరి.

"పాపకి పళ్ళొచ్చాయా?" అని కూడా అడిగాను. నాకేసి వింతగా చూసింది. బెదిరిపోయిందనుకున్నాను. అడిగిందే పదిసార్లు అడగడం మా శాఖ అలవాటు. ఆ పాప ఎవరని మాత్రం నేను ఒక్కసారీ అడగలేదు.

జాబితా నకళ్ళు అన్ని శిబిరాలకీ వెళ్ళాయి. నేను చంటిపిల్లల దగ్గరికల్లా వెళ్ళి మొహాలు పోల్చి చూసేదాన్ని. ఆ పిల్ల రోజూ గేటు దగ్గర కూర్చుని, సాయంత్రం లేచొచ్చి అదే మాట చెప్పేది.

రెండు వారాలయ్యాక ఒకరోజు, అన్నాల వేళ, వరసలో ఉన్న ఎవరో అమ్మాయి "పాపా!" అని అరుస్తూ గేటులోంచి వస్తున్న తండ్రి మీదికి ఉరికింది. మా పిల్ల నా చీర కొంగు పట్టుకు లాగింది.

"మా పాపా కూడా వచ్చేస్తాడు కదా, దీదీ?"

వస్తాడు! ఆ 'డు' విన్నాక రిజిస్టరు తీసి, నేను రాసింది మళ్ళీ చదివాను. ఇక్కడ పుట్టిన పిల్లలు తండ్రిని హిందీవాళ్ళలాగే పాపా అంటారని అప్పుడు తెలిసింది.

దిద్దిన జాబితా పట్టుకుని నేనే ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ శిబిరానికి వెళ్ళాను. పిల్ల పేరు చదవగానే కాలికి కట్టుతో పడుకున్న ఒకాయన లేచి కూర్చున్నాడు. గుండు ఇంకా నున్నగా ఉంది.

"ఆ పేరు మొన్నా చదివేరు దీదీ. చెల్లెలుందన్నారు. నాకు ఒక్కతే కూతురు, ఇంకెవరి పిల్లో అనుకున్నాను. తల్లినీ పిల్లనీ ఇద్దర్నీ అల లాగీసిందని మావాళ్ళు చూసి చెప్పేరు. నిన్ననే ఇద్దరికీ కలిపి కర్మ చేసీసేను."

తప్పు నాదేనని ఆయనకి చెప్పాను. చెబుతున్నప్పుడు కూడా నా గొంతు పెద్దగానే వచ్చింది, సిగ్గు లేకుండా.

మర్నాడు పొద్దున్నే పిల్లని తీసుకెళ్ళాను. పరిగెత్తుకుంటూ వెళ్ళి, ఆయనకి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. తలకేసే చూస్తోంది.

"పాపా, నీ జుట్టేది?"

ఆయన నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. తర్వాత పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

"నీళ్ళు తీసుకెళిపోయేయమ్మా" అన్నాడు.

నా తప్పుని కూడా ఆయన నీళ్ళ మీదే వేసేశాడు. ఇన్నేళ్ళయినా నేను వేయలేకపోయాను. టీకాకి వచ్చిన ఏ తల్లి 'పాప' అన్నా నా చేతిలో సూది ఒక్క క్షణం ఆగుతుంది.