ఇరవయ్యారు అక్షరాలూ, మా వదినా

మొన్న ఆదివారం, ఇదే సింగపూర్‌లో ఆ చివరనున్న సెంగ్‌కాంగ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, తన తెలుగు క్లాసు పిల్లల కోసం తన మేనత్త గురించి నాలుగు మాటలు రాసిపెట్టమంది. సంతోషంగా ఒప్పుకున్నాను. కళ్ళజోడు తుడుచుకుని, కాగితాలు ముందేసుకుని, మొదటి వాక్యం దాకా వచ్చానో లేదో మళ్ళీ ఫోన్. "అమ్మా, ఒక్కటి మర్చిపోయాను. ఇంగ్లీష్ లెటర్స్‌లో రాయి, ఓకేనా? తెలుగులో రాస్తే కిడ్స్ చదవలేరు లా." మాట చివర ఆ "లా" ఇక్కడి ఇంగ్లీషు తగిలించిన తోక. తెలుగు క్లాసు పిల్లలు తెలుగులో రాస్తే చదవలేరట! ఎవరి గురించి రాయమంటోందో ఆవిడ ఈ మాట విని ఉంటే, ఫోన్లోంచి చెయ్యి పెట్టి మరీ చెవి మెలిపెట్టేది. ఒళ్ళు మండిపోయి, వాళ్ళకు రాయవలసింది తరవాత చూద్దామనుకుని, ముందు ఇది నాకు వచ్చిన అక్షరాల్లో నేను రాసుకుంటున్నాను.

మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, అనకాపల్లి దగ్గర పుట్టి, పెళ్ళి చేసుకుని సింగపూర్ వచ్చింది. నేను కొత్త కోడలిగా బెడోక్‌లో దిగేనాటికే ఆవిడ బిషాన్‌లో పాతకాపు. బజారులో మలయ్ మాట్లాడేది, లిఫ్టులో తమిళం మాట్లాడేది, ఇంట్లో మాత్రం అచ్చంగా అనకాపల్లి. ఆదివారం పొద్దున్నే హాల్లో సోఫాలు గోడవారకు నెట్టి, చల్లటి టైల్స్ మీద చాప పరిచి, చుట్టుపక్కల తెలుగు పిల్లలందరికీ అక్షరాలు దిద్దించేది. ఫీజు లేదు సరికదా, ఎదురు పులిహోర. వంటింట్లోంచి ఇంగువ వాసన, పక్క ఫ్లాట్ లోంచి వేగుతున్న రొయ్యల ముద్ద వాసన వస్తూంటే, ఆ రెంటి మధ్యా పిల్లలు ముక్కులు మూసుకుని గుణింతాలు అరుస్తూండేవారు. మా అమ్మాయి అక్కడే నేర్చుకుంది. చక్కటి గుండ్రటి చేతిరాత. సెకండరీ స్కూలుకు వెళ్ళాక ఒక్కో అక్షరమే జారిపోయి, చివరికి తన పేరు రాయడానికి కూడా ఆలోచించుకునేది. వదిన అది పట్టించుకోనట్టే ఉండేది కానీ, పట్టించుకునేది.

ఆ అమ్మాయే పెళ్ళయి, తల్లయి, సెంగ్‌కాంగ్‌లో కొత్త ఫ్లాట్ కొనుక్కుని, తోటి తల్లుల్ని పోగుచేసి ఒకనాడు బిషాన్ వచ్చింది. పిల్లలకు లిపి బరువైపోతోందట. బళ్ళో ఇంగ్లీషు, మరో భాష, వాటిపైన మన యాభయ్యారు అక్షరాలూ, ఒత్తులూ అంటే ఆదివారం పొద్దున్నే ఏడుపులట. అందుకని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి నేర్పిద్దామంది. వదిన తల అడ్డంగా ఊపింది. అప్పుడు మా అమ్మాయి ఏకంగా దేశ చరిత్రే తీసింది.

"అత్తా, ఈ కంట్రీ చేసింది కూడా అదే కదా? మలయ్ ముందు అరబిక్ లాంటి లెటర్స్‌లో ఉండేది. ఇప్పుడు నేషనల్ లాంగ్వేజ్ మలయ్, అదీ రోమన్ స్క్రిప్ట్‌లో అని కాన్‌స్టిట్యూషన్‌లోనే ఉంది. చైనీస్ అంకులైనా, తమిళ్ ఆంటీ అయినా చూసి చదివేస్తారు. ఏం పోయింది?"

"ఏటి పోయిందో నీకెలగ తెలుస్తాదే?" అంది వదిన. "పోగొట్టుకున్నోళ్ళని అడగాల."

అడగడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. అదే వరండాలో మూడో తలుపు మక్‌చిక్‌ది. మక్‌చిక్ అంటే మలయ్‌లో పిన్ని వరస. ఆ అంతస్తులో అందరికీ ఆవిడ పిన్నే. రిటైరైన బడి పంతులమ్మ. ఆ సాయంత్రమే వదిన నన్ను సాక్షిగా వెంటబెట్టుకుని వెళ్ళింది. తనవైపు మాట్లాడే పెద్దమనిషి దొరుకుతుందన్న ధీమాతో, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా లోపలికి నడిచింది. మక్‌చిక్ వేడివేడి అరటిపండు బజ్జీలు పెట్టి, అంతా విని, నింపాదిగా చెప్పింది. నాకు సగం అర్థమైంది, మిగతా సగం వదిన తరవాత చెప్పింది.

మక్‌చిక్ చిన్నప్పుడు తండ్రి దగ్గర జావి నేర్చుకుందట. అరబ్బీ అక్షరాల్లో మలయ్ రాయడాన్ని అలా అంటారు. బళ్ళో రూమి, అంటే ఇంగ్లీషు అక్షరాలు. ఆవిడ పంతులమ్మ అయ్యేసరికి దేశం కొత్తది, అందరూ మలయ్ నేర్చుకోవాలన్న ఉత్సాహం. సాయంత్రం క్లాసులకు చేపలమ్మే చైనావాళ్ళు చేతులు కడుక్కుని వచ్చేవారు, తమిళ గుమాస్తాలు ఆఫీసు బట్టల్లోనే వచ్చేవారు. "జావిలో చెప్తానంటే ఒక్కడైనా వచ్చేవాడా? ఈ రూమి అక్షరాల పుణ్యమానే నా భాష వాళ్ళ ఇళ్ళల్లోకి వెళ్ళింది. నాకు గర్వంగానే ఉంటుంది," అంది.

వదిన ముఖం మాడిపోయింది. "అయితే మీకేమీ పోలేదంటారా?" అని అడిగింది, కాస్త గట్టిగానే.

మక్‌చిక్ నవ్వి గోడ మీదికి చూపించింది. ఎత్తుగా, గడియారం కన్నా పైన, ఆకుపచ్చ చెక్క మీద తెల్లటి మెలికల అక్షరాలున్న పలక ఒకటి వేలాడుతోంది. ఆవిడ మనవడు చైనా అమ్మాయిని చేసుకున్నాడు. ఆ పిల్ల కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పలకను విడిగా పెట్టుకున్న శుభ్రమైన గుడ్డతో తుడుస్తుందట, దాని కింద బూట్లు పెట్టనివ్వదట. ఆ అక్షరాలు మనవడికీ రావు, తనకీ రావు కనక, ఏదో పవిత్రమైన ప్రార్థన అనుకుంటోంది. "అది మా నాన్న సైకిల్ షాపు బోర్డు. సైకిళ్ళకు గాలి కొట్టబడును, పంచర్లు వేయబడును అని ఉంది," అంది మక్‌చిక్. "నేను చెప్పలేదు. చెప్తే తుడవడం మానేస్తుందేమోనని."

ముగ్గురం పడీ పడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే మక్‌చిక్ తలముసుగు అంచుతో కళ్ళు ఒత్తుకుంది. వరండాలోకి వచ్చాక వదిన అగ్గిమీద గుగ్గిలమైంది. "ఒక్క మాట మీద నిలబడదేటే ఈవిడ! మంచే జరిగిందంటాది, మళ్ళా కళ్ళు తుడుచుకుంటాది. దీన్ని తీసుకెళ్ళి నీ కూతురికి ఏటని చెప్పను?" నాకూ కోపం వచ్చింది కానీ, ఎవరి మీద రావాలో తెలియలేదు.

అక్కడితో ఊరుకునే మనిషైతే ఆవిడ మా వదిన ఎందుకవుతుంది? కొన్నాళ్ళు గింజుకుని గింజుకుని, తనే ఓ మెట్టు దిగింది. పెద్ద అట్ట మీద ఒక పట్టిక తయారుచేసింది. ఇంగ్లీషు అక్షరాలే, కానీ లకి చిన్న ఎల్, ళకి పెద్ద ఎల్. నకి చిన్న ఎన్, ణకి పెద్ద ఎన్. ఆ అట్టను చంకలో, నన్ను వెంటా పెట్టుకుని, ట్రైన్ ఎక్కి, సెంగ్‌కాంగ్‌లో బుల్లి ట్రైన్ మారి, ఎండలో నడిచి మా అమ్మాయి ఇంటికి చేరింది. తల్లులందరూ చుట్టూ మూగి చూశారు. చివరికి మా అమ్మాయే నోరు విప్పింది.

"అత్తా, ఐడియా బాగుంది, కానీ కష్టం. క్యాపిటల్ లెటర్ వర్డ్ మధ్యలో రాకూడదని స్కూల్లో ఇప్పుడే నేర్పుతున్నారు. స్పెల్లింగ్‌లో మార్క్స్ పోతాయి. ఇవన్నీ లేకపోయినా కిడ్స్‌కి అర్థమవుతుంది లా."

వదిన అట్టను రెండుగా మడిచింది. "అక్షరాలు వాళ్ళవే ఒప్పుకున్నాను. వాటిని నాకు కావలసినట్టు వాడుకోడానికి కూడా లేదేటే?" అంది. తల్లులు పిల్లల్ని పిలుచుకుని లేచారు. నేను వదిన చెప్పులు వెతికి ముందు పెట్టాను. తిరుగు ప్రయాణంలో ఆవిడ కిటికీలోంచి ఫ్లాట్ల నంబర్లు చూస్తూ కూర్చుంది. ఆ తరవాత బిషాన్ చాప మీది పిల్లలు ఒక్కొక్కరే సెంగ్‌కాంగ్ వైపు తప్పుకున్నారు. వదిన సోఫాలు మళ్ళీ హాలు మధ్యకు జరిపించింది. కూతురు నన్ను "నువ్వెప్పుడూ అత్త సైడే" అని దెప్పేది. వదిన "నీ కూతురే కదే" అని దెప్పేది. మధ్యలో నేను ఇద్దరికీ కాకుండా పోయాను.

కిందటేడు వదిన గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరినప్పుడు, మా మనవరాలు నాతో వచ్చింది. మంచం పక్కన నిలబడి, "బిషాన్ అమ్మమ్మా, నీల్లు కావాలా?" అని అడిగింది. వదిన కళ్ళు తెరిచింది. "నీల్లు కాదే. నీళ్ళు. నాలిక మడతపెట్టు." పిల్ల మళ్ళీ అంది, కుదరలేదు. మళ్ళీ అంది. మాట సరిగ్గా పలికాక గానీ ఆ మొండి మనిషి గుక్కెడు నీళ్ళు తాగలేదు.

తాగి, "మీ అమ్మ క్లాసుకి ఎంతమందొస్తారే?" అని అడిగింది.

"మెనీ, అమ్మమ్మా. రూమ్ ఫుల్."

"అందరూ తెలుగే మాటాడతారా?"

"కొంచెం కొంచెం."

"కొంచెం కొంచెం," అని వదిన తనలో తాను అనుకున్నట్టు అంది. మెచ్చుకుందో, తిట్టిందో నాకు తెలియలేదు. ఆ వారంలోనే పోయింది.

ఇప్పుడు సెంగ్‌కాంగ్‌లో గది నిండా పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారు. అందులో ఒక్కరికీ తెలుగు రాయడం రాదు. ఎవరైనా నా కూతురు చేసింది మంచిపనేనమ్మా అంటే కాదనలేను, అలాగని హాయిగా ఔననీ అనలేను. మంచీ జరిగింది, నష్టమూ జరిగింది. ఆ రెండు మాటలూ మక్‌చిక్‌లా కోపం లేకుండా ఒకే నోటితో అనడానికి మనిషికి ఎంత కాలం పడుతుందో, నా దగ్గర ఇంకా అంత కాలం మిగిలి ఉందో లేదో.