పడ్డవాణ్ణి కొట్టని ఆట

ఇరవై మూడేళ్లకే తొమ్మిది మందిని నేలకూల్చిన బాక్సరు, అమగసాకి ఊరివాడు ఇనుయి తెత్సుజి. పదో పోటీలో ఎడమ కంటి మీద పడిన గుద్దుకు లోపలి పొర ఊడి, ఆ కన్ను పోయింది. బాక్సింగు అక్కడితో సరి. ఒసాకాలో ఒక వీడియో గేముల కంపెనీలో, తయారైన ఆటలు ఆడి తప్పులు పట్టే పనికి చేరాడు.

అప్పుడక్కడ కుస్తీలూ గుద్దులాటలూ ఉన్న గేము ఒకటి తయారవుతోంది. దానికి బొమ్మలు గీసే అమ్మాయి షిరకామి నోబుయె వెనక నిలబడి తెత్సుజి కాసేపు చూశాడు.

"మనిషి ఇలా పడడండీ. డొక్కలో తగిలితే ముందేం తెలీదు. క్షణం ఆగి మోకాళ్లు వాటంతటవే మడతపడతాయి."

"మీరు చెబితే సరా, నాకు కనబడొద్దూ?"

"అయితే కొట్టండి," అని చోటు చూపించాడు.

ఆమె మూడు గుద్దులు గుద్దినా చలించలేదు. "దోమ వాలినట్టుంది," అన్నాడు. ఆమెకు రోషం వచ్చింది. నాలుగో గుద్దుకి కూలబడి చెత్తబుట్టలో వాంతి చేసుకున్నాడు. ఆమె గబగబా గీసేసింది. ఆ వారమంతా ఆఫీసువాళ్లు వంతులవారీగా కొట్టారు. ముక్కు విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. గేము మాత్రం విరగబడి అమ్ముడుపోయింది. అతన్ని డిజైనర్ని చేశారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నంబా పేటలో, డబ్బులేసి వీడియో గేములాడే దుకాణానికి వెళ్లాడు. తన గేములోనే ఓడినవాడొకడు, గెలిచినవాణ్ణి కింద పడేసి మొహం మీద తన్నుతున్నాడు. పళ్లు నేల మీద పడ్డాయి. తెత్సుజి వాణ్ణి లాగి దవడ మీద ఒక్కటిచ్చాడు. వాడు పడిపోయాడు. అయినా తెత్సుజి చెయ్యి ఆగలేదు. పడ్డవాడి మీద కూర్చుని ఇంకో మూడు గుద్దాడు.

"చాలండి, చచ్చిపోతాడు," అన్నాడు, నోరంతా రక్తంతో తన్నులు తిన్నవాడే.

మర్నాడు కంపెనీ పెద్ద బాస్ బెస్షో ఆ గేము రెండో భాగం గురించి పిలిచాడు. "పడ్డవాణ్ణి తన్నే మీట పెట్టు. జనం అదే అడుగుతున్నారు."

"పెట్టను."

"గుద్దులు తిని బతికినోడివి, నీకు నీతులెందుకురా?"

"తిన్నాను కాబట్టే పెట్టనంటున్నా."

గాజు యాష్‌ట్రే వచ్చి నుదుటికి తగిలింది. రక్తం మంచి కంట్లోకి కారింది. తెత్సుజి పిడికిలి బిగించాడు, బిగించిన చేతిని జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. నోబుయె తన పెన్సిళ్లు సర్దుకుని వెంట వచ్చింది.

ఇద్దరూ అమగసాకిలో ఒక గది తీసుకుని పదకొండు గేములు చేశారు. వాటిల్లో పడ్డవాడు లేచేదాకా ఎదుటివాడి చెయ్యి లేవదు. అవి, బెస్షో తన్నే మీట పెట్టి అమ్మిన గేములో పావు వంతు కూడా అమ్ముడుపోలేదు. పన్నెండోది మొదలుపెట్టినప్పుడు తెత్సుజికి యాభై ఏడేళ్లు.