రహీమాబీ ఆపా చాప

పదకొండేళ్ళుగా ఒక చాప మీద కూర్చుంటున్నాను. అది నాది కాదు. విస్సన్నపేటలో మా వీధి ఆడపిల్లలకి ఖురాన్ చదవడం నేర్పే గదిలోది. పిల్లలు నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచినప్పుడల్లా అది నాకు చెందని పిలుపనిపించేది. ఎందుకో మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు దాచకుండా రాయగలుగుతున్నానేమో.

ఆ చోటు రహీమాబీ ఆపాది. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. పొద్దున పిల్లలకి చదువు చెప్పి, సీజన్లో మాతోపాటు మామిడికాయల షెడ్డుకి వచ్చి కాయలు ఏరేది. అల్లా ఒక్కడే అన్న మాట ఆమె నోట వింటే పాఠంలా అనిపించేది కాదు. "ఆయన ఎవరికీ పుట్టలేదు. ఆయనకి ఎవరూ పుట్టలేదు. ఆయనలాంటిది ఏదీ లేదు. కాబట్టి మనసులో బొమ్మ గీసుకోకండి. అడగండి, అంతే," అనేది.

పదకొండేళ్ళ కిందట రసాలు కోతకొచ్చిన రోజుల్లో నా కూతురికి ఫిట్స్ వచ్చాయి. నాలుగేళ్ళ పిల్ల. నూజివీడులో ఆసుపత్రిలో చేర్చాం. మూడో రోజుకీ కళ్ళు తెరవలేదు. పిల్ల దగ్గర నా భర్తని ఉంచి, బట్టలు తెచ్చుకోవడానికి ఇంటికి బయలుదేరాను. తోడుగా ఆపా వచ్చింది. దారిలో ఆటోని చాట్రాయి వైపు తిప్పించాను. అక్కడ తోటల మధ్య ఒక దర్గా ఉంది.

ఆపాకి అర్థమైంది. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"లోపల సమాధిలో ఉన్నాయన మంచి మనిషే అమ్మాయ్. ఆయన కోసం అల్లాకి దువా చెయ్యి. ఆయన్ని మాత్రం ఏమీ అడగకు. ఆయన కూడా మనలాగే అడుక్కునేవాడే."

"నా పిల్ల చచ్చిపోతోంది ఆపా."

"తెలుసు. దాన్ని పుట్టించినవాడికీ తెలుసు."

చెయ్యి విదిలించుకుని లోపలికి పోయాను. ఆపా బయట ఎండలోనే నిలబడింది. నేను సమాధి ముందు నేలకి నుదురు ఆనించాను. అల్లాకి తప్ప ఎవరికీ చెయ్యకూడని సజ్దా అది. "బాబా, నా బిడ్డ నీ చేతుల్లో ఉంది," అన్నాను.

మర్నాడు పిల్ల కళ్ళు తెరిచింది.

వారం తర్వాత మా బావగారు నన్ను పిలిపించారు. నా భర్తకి అన్న, మసీదు కమిటీలో పెద్ద. పక్క తోటలో కాయలు కోస్తున్న మా వీధి మనిషి ఎవరో చూశాడట. రెండు బురఖాలు. ఒకటి గేటు బయట, ఒకటి లోపల నేల మీద. ఆటోలో వచ్చింది మేమిద్దరమని తెలుసు గానీ, ఎవరు ఎవరో దూరానికి తెలీలేదు. బావగారి గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

"సజ్దా చేసిందెవరమ్మా?"

నా భర్త తల దించుకుని ఉన్నాడు. అత్తగారు తలుపు పక్కన నిలబడి నన్నే చూస్తోంది. ఒక్క క్షణం పట్టింది నాకు.

"ఆపా అండీ. నేను వద్దన్నాను. బయటే నిలబడ్డాను."

ఆపాని పిలిచి నా మాట చెప్పారు. ఆమె నా వైపు చూసింది. ఒక్క మాట అంటే నా పని అయిపోతుంది.

"అల్లాకి తెలుసండీ," అంది. లేచి చెప్పులేసుకుంది.

ఎందుకు కాపాడింది నన్ను? తప్పుల్ని కప్పేవాడు అన్నది కూడా అల్లా పేర్లలో ఒకటని ఆమే మాకు చెప్పింది. అందుకా? జబ్బుపిల్ల తల్లినని జాలా? అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

పిల్లల్ని ఆమె దగ్గరికి పంపడం మానేశారు. నెల తిరక్కుండా జి. కొండూరులో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. ఆమె చాప మీద నన్ను కూర్చోబెట్టారు, దర్గాకి వద్దన్న మనిషినని.

సమాధి దగ్గర చేసింది బిడ్డ పోతుందన్న భయంతో చేశాననీ, ఆ గుండెకోత ఎంతటిదో దాన్ని ఇచ్చినవాడికే తెలుసనీ ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సరే. మరి బావగారి ముందు? అప్పటికి పిల్ల ఇంట్లో ఆడుకుంటోంది. ఏం ముంచుకొచ్చింది నాకు? అల్లా చూస్తున్నాడని తెలుసు. తెలిసీ ఆయన చూపు కన్నా బావగారి చూపుకే ఎక్కువ భయపడ్డాను. దేవుడికి సాటి నిలబెట్టడం షిర్క్ అని రోజూ పిల్లలకి చెప్పేదాన్ని. నేను సాటి నిలబెట్టింది సమాధిలో ఉన్న మనిషినా, నా ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషినా?

మూడేళ్ళ కిందట ఆపా పోయింది. జి. కొండూరు వెళ్ళాను. ఖననానికి ముందు ఆమె ఒంటికి స్నానం చేయిస్తూ నీళ్ళు పోస్తుంటే పక్కనున్నావిడ నా చెవిలో అంది, "దర్గాలో సజ్దా చేసింది ఈవిడే కదా?" చెంబు నా చేతిలోనే ఉంది. నేను మాట్లాడలేదు. మొదటి అబద్ధం కన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువ తినేసింది.

పోయిన నెల నా కూతురు ఎక్కడో విని వచ్చింది. దానికి పదిహేనేళ్ళు ఇప్పుడు.

"ముందు ఇక్కడ చెప్పే ఆపా సమాధికి మొక్కిందటగా అమ్మా? ఛీ, అంత తెలిసినావిడకి సిగ్గు లేదా?"

"ఆమె కాదు," అన్నాను. "నేను."

నీ కోసమే అనబోయి ఆగాను. ఆ అబద్ధం దాని కోసం చెప్పింది కాదు.

తర్వాత బావగారికి చెప్పాను. "పోయినావిడ ఎలాగూ పోయింది. ఇప్పుడు బయటపెట్టి ఎవర్ని ఉద్ధరిస్తావమ్మా? ఇంటి పరువు చూసుకో," అన్నారు. మొదటిసారి ఆయన మాట కాదన్నాను. శనివారం పొద్దున పిల్లల తల్లుల్ని చదువు గదికి పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ తిట్టలేదు. పర్లేదు అని కూడా ఎవరూ అనలేదు. ఒకావిడ లేచి కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే మిగతావాళ్ళు.

ఆపా నన్ను క్షమించిందో లేదో ఎప్పటికీ తెలీదు. అల్లా సంగతి నేను చెప్పగలిగేది కాదు. ఆ ఖాళీ గదిలోనే మధ్యాహ్నం నమాజుకి నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది, వీధిలో జనం పోతున్నారు. ఎవరైనా చూస్తున్నారేమోనన్న ఆలోచనే రాలేదు.