గాలికి జరిగిన బండలు

జమ్మలమడుగులో మా పక్కింటి మామకూ మాకూ బండి తోలుకొనే దారి ఒకటే. తన వైపు అంచున ఆయన నిలువెత్తు కడప బండలు పాతి కంచె కట్టుకున్నాడు. ఏటా వాటిని పెరికి, దారిలోకి ఇంకాస్త జరిపి పాతేవాడు. నాన్న గొడవకు పోతే నాలుగు వేళ్లు కలిపి చూపించేవాడు.

"బెత్తెడే గదప్పా!"

ఇద్దరిదీ చెరో పార్టీ. అయినా ఈ తగవును పార్టీల దాకా పోనివ్వలేదు. పోతే మాటలతో ఆగే రోజులు కావవి.

ఎన్నికలప్పుడు మామ పార్టీ నాయకుడు ఆయన ఇంటికే వస్తూ, మా గోడకూ ఆ బండలకూ మధ్య జీపుతో సహా ఇరుక్కుపోయాడు. ఎట్లో వెనకనుంచి దిగాడు.

"ఈ బండలు జరిపిందెవుర్రా?"

వెంట వచ్చినవాళ్లంతా మా ఇంటి వైపు చూశారు. అవతలి పార్టీ ఇల్లు కదా. గుమ్మంలో నాన్న ముఖం పాలిపోయింది. మామ ఊ అంటే చాలు. ఆయన నాన్నను చూశాడు, బండలను చూశాడు, తల గోక్కున్నాడు.

"నిన్న గాలి శానా తోలిందన్నా."

జీపు కోసం పెరికిన బండలను మర్నాడే మళ్లీ పాతాడు, ఇంకో బెత్తెడు ఇవతలికి. నాన్న గొడవకు పోలేదు.

"మళ్లా గాలి తోలినట్టుందే, బావా!" అని కేకేశాడు.

బండల అవతల నాలుగు వేళ్లు పైకి లేచాయి.