కన్ను కొట్టే చీర

దశరథ ఎడమ కనురెప్ప ఊరికే అదురుతుంది. నలభై ఏళ్లు నూలుపోగులకు చిటికి ముడులు కట్టి, రంగులో ముంచి, ముడి విప్పి, రంగు ఎక్కడ ఆగిందో చూసి చూసి రెప్ప నేర్చుకున్న అలవాటు. చౌటుప్పల్ బస్సులో ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు కొత్తవాళ్లయితే కొంగు సర్దుకుని వెనక సీటుకు పోతారు. పాతవాళ్లయితే నవ్వుతారు.

ఇన్నేళ్లూ ఆయన ఎవరో గీసిచ్చిన డిజైన్లే నేశాడు. ఈ ఎండాకాలం మొదటిసారి తన ఊహలోంచి ఒక చీర దించాడు. వాన కడిగిన రాత్రి రంగు. దాని నిండా అంచులు కరిగిన తెల్లచుక్కలు. హైదరాబాదు ప్రదర్శనకు పంపాలి. చీరకో ఇంగ్లీషు పేరు, నేసినవారి పేరు సాయంత్రంలోగా ఫోన్లో నింపాలి.

బిడ్డ మానస ‘ట్వింకిల్’ అని కొట్టింది. "అంటే మిణుకుమిణుకుమనుడు బాపూ."

దశరథకు నచ్చింది. నచ్చి ఊరుకోక, పక్కింటి రిటైర్డ్ ఇంగ్లీషు సారు అహ్మద్ అలీని అడిగాడు. సారు లావుపాటి నిఘంటువు తెరిచాడు.

"పాత ఇంగ్లీషుల గీ మాటకు మూలం కన్ను గీటుడు, దశరథా. ఎనక చిన్న తోక తగిలిస్తే, మాటిమాటికి గీటుడు. మనం తళతళ అని రెండుసార్లు అంటం, వాళ్లు తోక పెడ్తరు. చుక్కలు మనకు కన్ను కొడ్తున్నయన్నట్టు."

దశరథ ముఖం రంగు వెలిసింది. "తీసెయ్ బిడ్డా! నా కన్నుకే ఊరు నవ్వుతాంది. ఇగ నా చీర గూడ కొడ్తదంటే బజార్ల తిరుగనిస్తరా? నా పేరు గూడ రాయకు."

ఆసు చట్రం మీద నూలు పోస్తున్న భార్య వెంకటనర్సమ్మ చేయి ఆపలేదు. "నలభై ఏండ్లు మందికి నేసిచ్చినవ్. పుట్టక పుట్టక నీ చీర పుడితే, తండ్రి పేరు లేకుంట పంపుతవా?"

"మరి ఊరు?"

"ఊరికి నీ కన్ను కొత్తనా? పెండ్లిచూపుల నాడే కొట్టినవ్. పాపం, అదురుతాందేమో అనుకున్న."

"గప్పుడు నా కన్ను మంచిగనే ఉండె" అని దశరథ నోరు జారాడు.

వెంకటనర్సమ్మ చేతిలో పోగు తెగింది. సారు నిఘంటువు వెనక ముఖం దాచుకున్నాడు.

"చీర పేరు ఉంచాల్నా, తీసెయ్యాల్నా బాపూ?" మానస నవ్వాపుకుంటూ అడిగింది.

"ఉంచు." ఆయన బిడ్డ పక్కన కూర్చున్నాడు. "నేసినోళ్లు అన్న కాడ నా పేరు రాయి. ఇంటిపేరుతోని, పూర్తిగ."