లచ్చయ్య కోసం కారవాన్ ఎంచిన సంగతి

1995 ఫిబ్రవరిలో నన్ను మెయిన్ క్యాంపు మెయింటెనెన్స్ నుంచి తీసి నీళ్ల పైప్‌లైను ప్రాజెక్టు మీద వేశారు. హోదా ఫోర్‌మన్. ఖతర్‌లో దోహా నుంచి పడమరగా, ముఐథర్ దాటి, ఎడారిలోకి పోయే కొత్త లైను అది. నాకు అప్పగించిన మొదటి పని పైపులది కాదు. ఒక కారవాన్ ఎంచడం. సైట్లలో దిమ్మెల మీద కూర్చోబెట్టే రేకు గదిని కాదు నేను చెప్పేది. చక్రాలుండి, పికప్ వెనక కొక్కేనికి తగిలిస్తే కదిలిపోయే ఇల్లు.

లైను పొడవునా వాల్వ్ చాంబర్లున్నాయి. నేలలో కట్టిన కాంక్రీటు గుంటల్లాంటివి, వాటిలో నీళ్లు ఆపే వాల్వులు, ఒత్తిడి చూపే మీటర్లు ఉంటాయి. కొత్త లైను గనక ఏడాదిన్నర పాటు ఒక మనిషి అక్కడే ఉండి పొద్దున, సాయంత్రం మీటరు చూసి లాగ్‌బుక్కులో రాయాలి. మూడు నెలలకోసారి ఇల్లు ఇంకో చాంబరు దగ్గరికి జరగాలి. వారానికొకసారి బండి నీళ్లు, గ్యాసు, జనరేటరుకు డీజిలు, సరుకులు తెచ్చి పోతుంది. మిగతా ఆరు రోజులు ఆ మనిషికి కనబడేది ఇసుకా, ఒంటెలూ.

ఆ డ్యూటీకి తనంతట తాను పేరిచ్చినవాడు ఒక్కడే. లచ్చయ్య. మెట్‌పల్లి దిక్కు మనిషి, హెల్పరు, నాకంటే మూడేళ్లు పెద్ద. మాది ఆ పక్కనే కోరుట్ల గనక నన్ను రాజన్నా అనేవాడు, నేను లచ్చన్నా అనేవాణ్ని.

పేరెందుకిచ్చాడో క్యాంపులో అందరికీ తెలుసు. లచ్చయ్య గురక పెట్టేవాడు. మామూలు గురక కాదు. పన్నెండు మంది పడుకునే గదిలో పదకొండు మంది లేచి కూర్చునే గురక. రెండేళ్లలో ఐదు గదులు మార్చారు. జనరేటర్ అని పేరు పెట్టారు. మెస్సులో వరుసలో నిలబడితే "జనరేటరొచ్చింది, డీజిల్ పొయ్యుండ్రి" అని పళ్లెంలో పప్పు వేసేవాళ్లు. తనూ నవ్వేవాడు. నవ్వి, గదిలో అందరూ నిద్రపోయేదాకా వరండాలో కూర్చుని, ఆ తర్వాతే పక్క మీదికి పోయేవాడు. పొద్దున డ్యూటీలో నిలబడి తూగేవాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపుతామని క్యాంప్ బాస్ చెప్పేశాడు. గురక పెట్టినందుకు మనిషిని దేశం దాటించే న్యాయం ఎక్కడిదో నాకు ఈ రోజుకీ అంతు చిక్కలేదు.

"గక్కడ నేనెంత గురక గొట్టినా ఇనేటోడు ఉండడు గదనే," అన్నాడు నాతో. "ఇన్నేండ్లకు కడుపు నిండ పండుకుంట."

అందుకని ఆ కారవాన్ నాకు వట్టి సామాను కాదు. అది కుదరకపోతే లచ్చయ్యకు ఇంకో చోటు లేదు.

ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక యార్డులో మూడు కారవాన్లు చూపించారు. నాతో వచ్చింది మెటీరియల్స్ ఇంజినీరు మూర్తి గారు. గుంటూరు వైపు మనిషి, దోహాలోని అల్ సద్‌లో కుటుంబంతో ఫ్లాటు, చేతిలో కేటలాగు. ఆయన చూపు పడింది యూరప్ నుంచి తెచ్చిన తెల్లటి కారవాన్ మీద. లోపల కర్టెన్లు, మెత్తటి సోఫాలు, సోఫాలు పరిస్తే పడక. "బావుందయ్యా మేస్త్రీ, హోటల్ గదిలా ఉంది," అన్నారు.

పట్టాలున్నవాళ్లు ముందు లోపలికి పోతారు. నేను ముందు కిందికి పోతాను. ఏడో తరగతితో బడి ఆగిన నాకు ఇంగ్లీషు నేర్పింది మిషన్ల డబ్బాల మీద అంటించిన కాగితాలు. ఇనుము సంగతి నేర్పింది ఇనుమే. టార్చిలైటు పట్టుకుని వెల్లకిలా పాక్కుంటూ పోయాను.

తెల్లదాని కింద ఒకటే ఇరుసు. టైర్ల మీద గాట్లు అరగలేదు, కొత్తవాటిలాగే ఉన్నాయి, కాని పక్కగోడల మీద వెంట్రుకంత పగుళ్లు. నడిచి పాడైన టైరు కాదది, ఎండలో నిలబడి పాడైంది. ఆ రకం టైరు ఏ హెచ్చరికా లేకుండా పేలుతుంది. లోపలికెక్కి సింకు ముందు నిలబడి మడమతో గట్టిగా తన్నాను. నేల మెత్తగా దిగింది. రంపపు పొట్టు అదిమి చేసిన చెక్క, నీటి తడి తగిలి ఉబ్బింది. గోడ మీద వేలితో కొట్టుకుంటూ పోతే కిటికీ కింద డొల్ల శబ్దం. సెలవులకి రెండు వారాలు షికారు పోయే దొరల కోసం చేసిన బండి. అందులో ఏడాదంతా ఒక మనిషి బతకడానికి కాదు.

రెండోది చిన్నది. కిటికీలోంచి లచ్చయ్య భుజాలు కూడా పట్టవు. తలుపుకు నిప్పంటుకుంటే రెండో దారి లేని ఇంట్లో నేను మనిషిని ఉంచను. దాన్ని అక్కడికక్కడే లిస్టులోంచి కొట్టేశాను.

మూడోది అక్కడి వర్క్‌షాపులోనే చేసింది. అందం సున్నా. కాని ఇనుప చట్రం, వెల్డింగు అతుకులు నిండుగా, సుత్తితో కొడితే గంటలా మోగాయి. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. ఒక టైరు పోయినా ఇల్లు ఒరగదు. నేలకు పడవల్లో వాడే ప్లైవుడ్. పైన అల్యూమినియం రేకు, రివెట్లు రెండంగుళాలకొకటి. గ్యాసు సిలిండరు బయట. ముందు గోడకు మనిషి దూరి బయటపడేంత కిటికీ. తలుపు వెనక గోడకు. బకెట్లతో పైకప్పు మీద నీళ్లు పోయించి గంటసేపు లోపల కూర్చున్నాను. ఖతర్‌లో వాన ఏడాదికి నాలుగు రోజులు పడుతుందేమో, ఇల్లు మంచిదో కాదో తేలేది ఆ నాలుగు రోజుల్లోనే. చుక్క రాలలేదు.

మూర్తి గారు కర్టెన్ల కోసం కాసేపు బాధపడి సంతకం పెట్టారు.

దాన్ని ఎలా నిలబెట్టాలో కూడా నేనే రాసిచ్చాను. షమాల్ అని అక్కడ వాయవ్యం నుంచి దుమ్ముగాలి వస్తుంది, ఒకసారి మొదలైతే రోజుల తరబడి వీస్తుంది. తలుపు గాలికి ఎదురుగా ఉంటే ఇసుక దాని ముందు కుప్ప పడి, బయటికి తెరిచే తలుపు తెరుచుకోదు. అందుకని తలుపు ఎప్పుడూ దక్షిణానికే ఉండాలి. ఈ ముక్క ఎర్ర రంగుతో, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో, తలుపు మీదే రాయించాను. చూసి నాకే గర్వం కలిగింది.

ఏప్రిల్ మొదట్లో లచ్చయ్య అందులోకి పోయాడు. మే నెలలో సేఫ్టీ ఆఫీసరు రిపోర్టు నా బల్ల మీదికి వచ్చింది. ఆయన ఫిలిప్పీన్స్ మనిషి, పని విషయంలో గట్టివాడు. కారవాన్‌లో ఉండవలసిన సిబ్బంది కారవాన్ కింద నేల మీద పడుకుంటున్నాడు, పాముల భయం ఉంది, ఎండ పెరుగుతోంది, వచ్చే తనిఖీలో కూడా ఇలాగే ఉంటే మనిషిని ఆ డ్యూటీ నుంచి తీసేయాలి అని రాశాడు. తనిఖీకి వారం ఉంది. తీసేస్తే లచ్చయ్య మళ్లీ పన్నెండు మంది గదిలోకి రావాలి. వచ్చిన వారంలో ఎగ్జిట్.

మర్నాడు పొద్దున ఆరింటికల్లా అక్కడికి చేరాను. రెండు ఇరుసుల మధ్య ఇసుక మీద చాప ఉంది. లచ్చయ్య బయట పొయ్యి మీద చాయ్ పెడుతున్నాడు. లోపలికి పోయి చూస్తే ఏసీ చల్లగా నడుస్తోంది, పరుపు మీది ప్లాస్టిక్ కవరు విప్పనే లేదు. దాని మీద ఉల్లిగడ్డలు ఆరబోసి ఉన్నాయి.

"ఏందే లచ్చన్నా, ఉల్లిగడ్డలకు ఏసీ బెట్టినవా?"

"ఎండకు మురిగిపోతయని."

"మరి నువ్వు మురిగిపోవా?"

లచ్చయ్య చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. వెల్లకిలా పాకి, నేల తన్ని, నీళ్లు పోసి ఎంచిన ఇల్లు. భయమైతుందా అని అడిగాను. లేదన్నాడు. ఏసీ పడుతలేదా? పడుతోంది. నల్లులా? లేవు.

"మంచిగనే ఉన్నది రాజన్నా. నువ్వు ఎంచినవంటే మంచిగుండదా?"

"మరేం రోగం?"

"చెప్తే నగుతవు."

"నగను."

"నువ్వు మిషన్ల చదువు చదివినోనివి. నగుతవు." గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "గా మంచం తలాపు ఉత్తరానికున్నది."

నేను లేచి మళ్లీ లోపలికి పోయాను. మంచం గోడకు బిగించి ఉంది, తలవైపు ముందు గోడకు ఆనుకుని. తలుపు దక్షిణానికి అంటే ముందు గోడ ఉత్తరానికి. నేల మీద టేపు పెట్టి అంగుళాలు కొలిచిన నేను ఈ ఒక్కటీ కొలవలేదు. కాళ్ల వైపు తల పెట్టుకుందామంటే మంచం రెండడుగులు వంటగట్టు కిందికి దూరి ఉంది.

"అటు గూడ పండుకుని చూసిన," అన్నాడు వెనక నుంచి. "పాతరల తలకాయ వెట్టినట్లున్నది."

"బండి తిప్పుకోకపోయినవా?"

"తలుపు దక్షిణానికే అని నువ్వే రాయిస్తివి గదా, ఎర్రరంగుతోని."

పికప్ వచ్చిన రోజు తిప్పమని డ్రైవరును అడగొచ్చు. అడగలేదు. నా మాట తప్పలేదు, తన పట్టింపు తప్పలేదు. రెండూ దక్కేలా చాప తీసుకుని బండి కిందికి పోయాడు.

"చిన్నప్పుడు నిద్రల ఉత్తరానికి తిరిగితే మా అవ్వ కాళ్లు వట్టి గుంజి తిప్పేది," అన్నాడు. "ఆమె వోయి పదేండ్లాయె. మూడొద్దులు పండుకున్ననే మంచం మీద. కండ్లు మూస్తే చాలు, ఎవరో కాళ్లు గుంజినట్లే అయితది."

నేను నవ్వలేదు. కాని ఆ పొద్దున అతని మీద గట్టిగానే అరిచాను. ఇనుము విరుగుతుందా లేదా అని చూసుకోవలసిన చోట దిక్కులేమిటని, ఈ కాలంలో ఇవేమిటని అరిచాను. అతను వింటూ ఉల్లిగడ్డలు ఏరి సంచిలో వేసుకున్నాడు.

క్యాంపుకు తిరిగొచ్చి నా గది తలుపు తీశాను. నా మంచం చూశాను. తలాపు తూర్పుకు. 1988లో ఆ గదిలో దిగిన మొదటి రోజు, పక్కనున్న కేరళ మనిషి చేత అతని బీరువా జరిపించి మరీ నా మంచం అటు తిప్పుకున్నది నేనే. ఏడేళ్లు దాని మీద హాయిగా పడుకుని, దిక్కుల గురించి ఇంకొకడికి పాఠం చెప్పి వచ్చాను.

కంపెనీ సామానులో మేకు మార్చాలన్నా మాడిఫికేషన్ ఫారం నింపాలి. మంచం విప్పి, ముందు గోడకు అడ్డంగా బిగించాలని రాశాను. లోపల వెడల్పు ఏడడుగులు, మంచం ఆరడుగులు, లచ్చయ్య అయిదడుగుల మూడంగుళాలు. తలుపు దక్షిణానికి ఉన్నంత కాలం, ఏ చాంబరు దగ్గరికి పోయినా తలాపు తూర్పుకే వస్తుంది. కారణం అనే గడిలో 'ఇరుసుల మీద బరువు సర్దుబాటు' అని రాశాను. దిక్కుల సంగతి రాస్తే ఆఫీసులో లచ్చయ్యను నవ్వులపాలు చేస్తారని నా భయం.

మూర్తి గారు ఫారం రెండుసార్లు చదివారు. బరువు గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. పెన్ను మూత తీసి, ఆపారు.

"ఇప్పుడు తల ఎటు వస్తుందయ్యా?"

"తూర్పుకు, సార్."

"ముందే చూసుకోవద్దూ," అని సంతకం పెట్టి, "ఆ తెల్ల బండి సోఫాలైతే ఎటు కావాలంటే అటు పరుచుకునేవాడు," అన్నారు.

ఫారం అందుకున్నాను. ఆ బండి నేల ఆరునెలలు కూడా ఆగేది కాదన్న మాట నిజమే. ఆయన అన్నదీ నిజమే.

తనిఖీకి రెండు రోజుల ముందు పనిముట్లు వేసుకుని పోయాను. మంచం విప్పి అడ్డంగా పెట్టి, కాళ్లకు ఇనుప పట్టీలు వేసి నేలకు బిగించాను. మధ్యాహ్నం పన్నెండయింది. పరుపు మీది ప్లాస్టిక్ లచ్చయ్య చేతే చింపించాను. పడుకో, కొలత చూడాలి అన్నాను. చెప్పులు తలుపు దగ్గర విడిచి, తల పెట్టి, ఒకసారి దిండు సర్దుకుని, "తూర్పు కిటికీలకెల్లి పొద్దు మంచిగ కొడ్తది రేపు," అన్నాడు. నేను స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకునేలోపు నిద్రపోయాడు.

గురక మొదలైంది. అందరూ చెప్పగా విన్నానే గాని అంత దగ్గరగా వినడం అదే. చల్లగాలి పోకుండా తలుపు చేరవేసి బయటికొచ్చాను. గోడ రేకు సన్నగా వణుకుతోంది. అరచేయి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూశాను. ఒక్క రివెట్టూ కదల్లేదు. ఎండలో రెండు గంటలు బండి నీడన కూర్చున్నాను, లేపబుద్ధి కాలేదు.

తనిఖీకి సేఫ్టీ ఆఫీసరుతో నేనూ పోయాను. మధ్యాహ్నపు భోజనమయ్యాక కునుకు వేళ. చాప లేదు, నేల శుభ్రంగా ఉంది. ఆయన బండి చుట్టూ తిరిగి, ఆగి, చెవి రిక్కించాడు. కంపెనీ ఇచ్చింది ఒక్క జనరేటరే కదా, రెండో చప్పుడు ఎక్కడిదని అడిగాడు. అది మా ఊరి వైపుదని, నడుస్తున్నంత కాలం అంతా సక్రమంగా ఉన్నట్టేనని చెప్పాను. తలుపు కొంచెం తీసి చూసి, మెల్లగా మూసి, ఫారంలో టిక్కు పెట్టాడు.

లచ్చయ్య ఆ కారవాన్‌లో ఏడాదిన్నర అనుకున్నది రెండున్నరేళ్లు ఉన్నాడు. లాగ్‌బుక్కులో ఒక్క పూట తప్పిపోలేదు. టైర్లు ఒక్కసారి మార్చాం.

ఈ మధ్య చాలామంది ఇలాంటి బండ్లు కొని ఒంటరిగా అందులోనే బతుకుతున్నారట, ఏం చూసి కొనాలని అడుగుతున్నారు. ఇరుసు, చట్రం, టైరు పక్కగోడ, సింకు ముందు నేల, రెండో దారి, పైకప్పు మీద నీళ్లు. ఇవన్నీ చూడాలి, ఇప్పటికీ అదే చెబుతాను. కాని లచ్చయ్య తర్వాత నేను ఎంచిన ప్రతి బండినీ సంతకానికి ముందు సైటులో నిలబడవలసిన దిక్కుకే తిప్పించాను. అందులో ఉండబోయే మనిషిని వెంట తీసుకుపోయి, చెప్పులు విప్పించి, పది నిమిషాలు లోపల పడుకోబెట్టాను. ఆ పది నిమిషాలూ నేను ఏమీ అడక్కుండా బయట నిలబడ్డాను.